మాడ్ మాయం కాకముందే: స్కైరిమ్ మాడ్లు ఎక్కడ తీసుకోవాలి, ఎలా దాచుకోవాలి

కొత్త కంప్యూటర్‌లో స్కైరిమ్ ఆట ఎక్కించి, పాత జాబితా పట్టుకుని ఒక్కో మాడ్ (ఆటను మార్చడానికి అభిమానులు చేసే చేర్పు) పేజీ తెరుస్తూ వెళ్తే ఎక్కడో ఒక దగ్గర పేజీ ఉండదు. చాలాసార్లు దాన్ని తీసేసింది చేసినవాళ్లే. పోతే ఒక్క మాడే కదా అనుకోవడానికి లేదు. దాని మీద ఆధారపడిన ప్యాచ్‌లు (మాడ్లను ఒకదానితో ఒకటి కుదిర్చే చిన్న ఫైళ్లు) కొన్ని ఉంటాయి, ఆ ప్యాచ్‌ల మీద నిలబడిన మీ సేవ్ ఉంటుంది. ఒక ప్లగిన్‌కి (మాడ్‌లో ఆటను మార్చే ఫైల్‌కి) మాస్టర్‌గా, అంటే ఆధారంగా, ఉన్న ఫైల్ లేకపోతే స్కైరిమ్ మెయిన్ మెనూ దాకా కూడా రాకుండా మూసుకుపోతుంది.

అందుకే ‘మాడ్లు ఎక్కడి నుంచి తీసుకోవాలి’ అని ఎవరైనా అడిగితే నేను ముందు చూడమనేది ఒకటే: ఆ ఫైల్‌ని తీసేసే అధికారం ఎవరి చేతిలో ఉంది? మాడర్ (మాడ్ చేసినవారు) చేతిలోనా, సైట్ చేతిలోనా, గేమ్ కంపెనీ చేతిలోనా, మీ చేతిలోనా? డౌన్‌లోడ్ వేగం, ఒక్క నొక్కుతో ఇన్‌స్టాల్ లాంటివి దాని తర్వాతే. స్కైరిమ్‌నే ఎక్కువగా ఉదాహరణగా తీసుకుంటున్నాను. 2011లో వచ్చిన ఈ ఆట ఇన్నేళ్లయినా మాడ్లతోనే కళకళలాడుతోంది. మాడర్లు తమ పనిని వెనక్కి తీసుకోవడం మీద పెద్ద గొడవలు కూడా ఎక్కువగా దీని చుట్టూనే జరిగాయి.

అసలు ఎందుకు తీసేస్తారు

ఎంపికకు ముందు ఇది తెలియాలి. కారణం తెలిస్తే ఏ మాడ్ ఎప్పుడు పోతుందో కొంత ఊహించవచ్చు.

2015 ఏప్రిల్ 23న స్టీమ్ అనే ఆటల దుకాణం నడిపే వాల్వ్, స్కైరిమ్ చేసిన బెథెస్డా కలిసి స్టీమ్‌లో మాడ్లుండే విభాగమైన వర్క్‌షాప్‌లో స్కైరిమ్ మాడ్లను డబ్బుకి అమ్ముకోవచ్చని ప్రకటించాయి. అమ్మకంలో మాడర్‌కి దక్కేది 25 శాతం. అమ్మకానికి పెట్టిన మొదటి మాడ్లలో చేపలు పట్టే మాడ్ ఒకటి. అది ఇంకొకరు ఉచితంగా ఇచ్చిన యానిమేషన్ పని మీద ఆధారపడిందని వెంటనే తగాదా వచ్చి, దాన్ని అమ్మకం నుంచి తీసేశారు. తమ ఉచిత మాడ్లను ఎవరో ఎత్తుకెళ్లి అమ్ముకుంటారన్న భయంతో నెక్సస్ మాడ్స్ అనే మాడ్ల సైట్‌లో చాలామంది తమ పేజీలు దాచేసుకున్నారు. నాలుగు రోజుల్లో, ఏప్రిల్ 27న, ఆ పథకాన్ని ఎత్తేసి కొన్నవాళ్లకి డబ్బు తిరిగిచ్చారు. కానీ ఒకసారి పోయిన నమ్మకం అంత తొందరగా తిరిగి రాలేదు.

మరుసటి ఏడు, 2016 మే 31న బెథెస్డాదే మరో ఆట ఫాల్అవుట్ 4 మాడ్లు ఎక్స్‌బాక్స్ వన్ కన్సోల్‌కి వచ్చాయి. అప్పుడు జరిగింది నేరుగా దొంగతనమే. నెక్సస్‌లో ఉన్న కంప్యూటర్ మాడ్లను ఎవరెవరో దించుకుని, చేసినవాళ్లని అడగకుండా బెథెస్డా సైట్‌లో తమ పేరు మీద పెట్టుకున్నారు. రాత్రుళ్లు కూర్చుని, రూపాయి ఆశించకుండా చేసిన పని ఇంకొకరి పేరుతో కనిపిస్తే ఎవరి కడుపు మండదు? కొందరు మాడర్లు అసలు ఫైళ్లే తీసేసి వెళ్లిపోయారు.

అన్నిటికన్నా పెద్దది 2021 నాటిది. అప్పటికి నెక్సస్ మాడ్స్ ‘కలెక్షన్స్’ సిద్ధం చేస్తోంది. ఒకరు కూర్చిన మొత్తం మాడ్ల జాబితాను మరొకరు ఒకేసారి ఎక్కించుకోగల ఏర్పాటు అది. జాబితాలో ఒక్క ఫైల్ మాయమైనా మొత్తం చెడుతుంది. కాబట్టి ఇకపై మాడర్లు ఫైళ్లను శాశ్వతంగా తుడిచేయలేరని, తుడిచిన ఫైల్ పేజీలో కనిపించకపోయినా ఆర్కైవ్‌లో ఉంటుందని, కలెక్షన్ ద్వారా అందుతూనే ఉంటుందని జులై 1న సైట్ ప్రకటించింది. ఇష్టం లేనివాళ్లు ఆగస్టు 5లోగా అడిగితే వాళ్ల ఫైళ్లన్నీ పూర్తిగా తీసేస్తామని గడువిచ్చింది. ఆ నెలలో ఎంతో పేరున్న, ఏళ్ల తరబడి అందరి లోడ్ ఆర్డర్లలో (మాడ్లు ఎక్కే వరసల్లో) ఉన్న మాడ్లు కూడా నెక్సస్ నుంచి వెళ్లిపోయాయి. వాటిలో కొన్ని చేసినవాళ్ల సొంత సైట్లకి చేరాయి, కొన్ని ఎక్కడికీ చేరలేదు.

ఈ గొడవలో నేను రెండు వైపులా బాధ చూశాను. ఆడేవాళ్లకి ఫైల్ నిలకడగా ఉండాలి, అది న్యాయమైన కోరికే. కానీ మాడర్ మాటలో కూడా బలం ఉంది. తన మాడ్‌ని వందలాది ఇతర మాడ్ల మధ్య ఎవరో ఇరికించి, అది చెడితే తన పేజీకి వచ్చి తిట్టేవాళ్లకి తను జవాబు చెప్పుకోవాలి. పాత వెర్షన్‌లో సేవ్‌ని పాడుచేసే తప్పు ఉందని తెలిసి తీసేద్దామన్నా తీసే హక్కు లేదు. ఉచితంగా ఇచ్చినంత మాత్రాన దాని మీద చేసినవారికి మాట లేకుండా పోదు. నేను ఇక్కడ ఇచ్చే సలహాలన్నీ ఈ నమ్మకం మీదే నిలబడ్డాయి: మీ కాపీ మీరు భద్రంగా ఉంచుకోండి, వాళ్ల పనిని ఊరంతా పంచకండి.

చేత్తో దించుకోవడం: నెక్సస్, మాడ్ ఆర్గనైజర్ 2

నేను మొదట చెప్పేది ఇదే. ఒక్కో మాడ్ పేజీ చదివి, ఫైల్ దించుకుని, మాడ్లను అమర్చే ప్రోగ్రాం మాడ్ ఆర్గనైజర్ 2తో ఎక్కించుకోవడం. శ్రమ ఎక్కువే. కానీ దించుకున్న ప్రతి జిప్ ఫైలూ మీ డిస్క్‌లోని ‘డౌన్‌లోడ్స్’ ఫోల్డర్‌లో అలాగే ఉంటుంది. పేజీ పోయినా, సైట్ విధానం మారినా, మాడర్ అలిగి వెళ్లిపోయినా ఆ ఫైల్‌ని మీ దగ్గర నుంచి ఎవరూ తీసుకోలేరు.

మాడ్ ఆర్గనైజర్‌లో ఇంకో మేలు ఏమిటంటే మాడ్లు ఆట ఫోల్డర్‌లోకి వెళ్లి కలిసిపోవు. ఒక్కోటీ తన ఫోల్డర్‌లో విడిగా ఉంటుంది, ఆట నడిచేటప్పుడు మాత్రమే అన్నీ ఒకచోట ఉన్నట్టు ఆటకి కనిపిస్తాయి. కాబట్టి దాచుకోవడం తేలిక. ‘డౌన్‌లోడ్స్’, ‘మాడ్స్’, ‘ప్రొఫైల్స్’, ‘ఓవర్‌రైట్’ అనే నాలుగు ఫోల్డర్లు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తే మీ మాడ్ల ఏర్పాటు మొత్తం దాచుకున్నట్టే. వీటిలో ‘ప్రొఫైల్స్’ని చాలామంది మర్చిపోతారు. ఏ మాడ్ ఏది దాటి పనిచేయాలో, ప్లగిన్ల వరస ఏమిటో రాసి ఉండేది అందులోనే. అది లేకపోతే ఫైళ్లన్నీ ఉన్నా మళ్లీ మొదటి నుంచి వరస కుదర్చాలి.

దించుకున్న ఫైళ్ల పేర్లు మార్చకండి. నెక్సస్ ఇచ్చే పేరులోనే మాడ్ సంఖ్య, వెర్షన్ ఉంటాయి. రేపు పేజీ లేకపోయినా ఆ పేరు చూసి ఇది ఏ మాడ్, ఏ వెర్షన్ అన్నది తెలుస్తుంది. మాడ్ పేజీని కూడా పీడీఎఫ్‌గా దాచుకోండి. ఇన్‌స్టాల్ సూచనలు, ఏ మాడ్‌తో పడదు, పంచుకోవడానికి అనుమతి ఉందా లేదా అన్నవన్నీ చాలాసార్లు పేజీలోనే ఉంటాయి, ఫైల్‌లో ఉండవు. పేజీ పోతే ఆ సమాచారమంతా దానితోనే పోతుంది. ఈ ఒక్క అలవాటు చేసుకున్నవాళ్లు తర్వాత ఎప్పుడూ చింతించరు.

నెక్సస్ సొంత మాడ్ మేనేజర్ వోర్టెక్స్ వాడేవాళ్లకీ దాదాపు ఇదే వర్తిస్తుంది. దాని డౌన్‌లోడ్ ఫోల్డర్ ఎక్కడుందో సెట్టింగ్స్‌లో చూసుకుని దాచుకోండి. అది ఫైళ్లను ఆట ఫోల్డర్‌లోకే ముడిపెడుతుంది కాబట్టి మొత్తాన్ని ఎత్తి ఇంకో కంప్యూటర్‌లో పెట్టడం మాడ్ ఆర్గనైజర్ అంత సులువు కాదు.

ఉచిత ఖాతాకి నెక్సస్‌లో వేగం పరిమితం. ఫైబర్ ఉన్న ఇంట్లో కూడా పెద్ద టెక్స్చర్ (ఆటలోని వస్తువుల పైరూపం) మాడ్లకి గంటలు పట్టవచ్చు. మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆధారపడేవాళ్లు కాలేజీలోనో స్నేహితుల ఇంట్లోనో కూర్చుని దించుకోవడమే దారి. అలాంటివాళ్లకే నేను చెప్పే భద్రత ఎక్కువ అవసరం, ఎందుకంటే వాళ్లకి రెండోసారి దించుకోవడం మరీ కష్టం.

కలెక్షన్స్: నిలకడ సైట్ చేతిలో

పైన చెప్పిన 2021 నిర్ణయం నుంచి పుట్టినవి ఇవి. ఒకరు పరీక్షించి కూర్చిన జాబితాను వోర్టెక్స్ ద్వారా తెచ్చుకోవచ్చు. ప్రీమియం (డబ్బు కట్టే) ఖాతా ఉంటే ఫైళ్లన్నీ వాటంతటవే దిగుతాయి, లేకపోతే ప్రతి ఫైల్‌కీ మీరు పేజీ తెరిచి నొక్కాలి. చిన్న జాబితాకైతే అది పెద్ద ఇబ్బంది కాదు.

మాడ్లు మాయమవడం అనే కోణంలో చూస్తే ఇది పటిష్ఠమైన ఏర్పాటే. జాబితాలో పేర్కొన్న ఆ వెర్షనే ఆర్కైవ్ నుంచైనా వస్తుంది. మాడర్ పేజీలో కొత్త వెర్షన్ పెట్టి పాతది తీసేసినా మీ జాబితా చెడదు. అయితే ఈ నిలకడ నెక్సస్ నిలకడ మీద ఆధారపడింది. 2001లో మారోవిండ్ అనే ఆట అభిమానుల సైట్‌గా రాబిన్ స్కాట్ మొదలుపెట్టిన ఈ సంస్థ 2025లో ఆయన చేతి నుంచి కొత్త యజమానుల చేతికి వెళ్లింది. రేపు విధానం మళ్లీ మారవచ్చు. కాబట్టి కలెక్షన్ వాడినా డౌన్‌లోడ్ ఫోల్డర్ కాపీ తప్పనిసరి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి, నలభై యాభై మాడ్లు చాలు అనుకునేవాళ్లకి ఇది సరిపోతుంది. ఒక్క మాట: కలెక్షన్‌లో ఏదైనా చెడితే ముందు కూర్చినవారి పేజీకి వెళ్లండి, ఒక్కో మాడర్ పేజీకి వెళ్లి ఫిర్యాదు చేయకండి. చాలామంది మాడర్లు విసిగిపోయి వెళ్లిపోవడానికి ఇదీ ఒక కారణం.

వబ్బాజాక్: అంతా లేదా ఏమీ లేదు

వందలు, వేలు మాడ్లతో కొత్త ఆటలా మారిపోయిన స్కైరిమ్ కావాలనుకునేవాళ్లు ఇటు చూస్తారు. వబ్బాజాక్ అనేది పెద్ద మాడ్ల జాబితాలను తనంతట తానే కూర్చే ప్రోగ్రాం. దాని జాబితా ఫైల్‌లో మాడ్లు ఉండవు. అది వంట కాదు, వంట రాసి ఉన్న కాగితం. ఏ ఫైల్ ఎక్కడ దొరుకుతుంది, దాన్ని ఎలా మార్చి ఎక్కడ పెట్టాలి అన్న సూచనలు మాత్రమే ఉంటాయి. మీ కంప్యూటర్ అసలు చోటు నుంచే ఒక్కోటీ దించుకుని ఆ సూచనల ప్రకారం కూర్చుకుంటుంది. ఇతరుల పనిని తిరిగి పంచకుండా జాబితాను మాత్రమే పంచుకునే ఈ పద్ధతి నాకు చాలా మర్యాదగా అనిపిస్తుంది.

దాని బలహీనత కూడా అక్కడే ఉంది. ప్రతి ఫైల్‌నీ హ్యాష్‌తో (ఫైల్‌కి వేలిముద్రలాంటి సంఖ్యతో) సరిచూస్తుంది. ఒక్క బైటు తేడా ఉన్నా ఒప్పుకోదు. జాబితాలో ఒక మాడ్ ఫైల్ అసలు చోట దొరక్కుండా పోతే ఇన్‌స్టాల్ అక్కడే ఆగిపోతుంది. కూర్చినవారు ఆ మాడ్ తీసేసి జాబితాను మళ్లీ తయారుచేసేదాకా కొత్తవాళ్లకి దారి లేదు. అయితే ఆ ఫైల్ ముందే మీ డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో ఉంటే వబ్బాజాక్ దాన్నే గుర్తుపట్టి వాడుకుంటుంది. పాత డౌన్‌లోడ్లు తుడిచేయకూడదు అనడానికి ఇంతకన్నా మంచి కారణం లేదు.

పెద్ద జాబితాలు 200 జీబీ దాటడం మామూలే. నెక్సస్ ప్రీమియం లేకుండా వందల ఫైళ్లకి ఒక్కోటీ చేత్తో నొక్కాలి. ఒక్క నెల ప్రీమియం తీసుకుని, ఆ నెలలో జాబితా మొత్తం దించేసి, డౌన్‌లోడ్లు డిస్క్‌లో భద్రపరిచి, తర్వాత ఆపేయడమే డబ్బు లెక్కన తెలివైన పని. కొన్ని జాబితాలకి స్కైరిమ్ యానివర్సరీ ఎడిషన్‌లోని కొనుగోలు భాగాలు కూడా కావాలి, మొదలుపెట్టే ముందే చదువుకోండి.

స్టీమ్ వర్క్‌షాప్: హాయిగా ఉంటుంది, కానీ ఏదీ మీది కాదు

స్కైరిమ్ విషయంలో ఇది 2011 నాటి పాత ఎడిషన్‌కే ఉంది, 2016లో వచ్చిన స్పెషల్ ఎడిషన్‌కి లేదు. అయినా రిమ్‌వరల్డ్, సిటీస్ స్కైలైన్స్, యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 లాంటివి ఆడేవాళ్లకి మాడ్ అంటే వర్క్‌షాపే కాబట్టి పోల్చి చూడాలి.

సబ్‌స్క్రయిబ్ నొక్కితే చాలు, అదే దిగుతుంది, అదే అప్‌డేట్ అవుతుంది. ఆ ‘అదే అప్‌డేట్ అవడం’ ఇక్కడి అసలు ప్రమాదం. మాడర్ నిన్న పెట్టిన కొత్త వెర్షన్ మీ నెలల నాటి సేవ్‌తో పడకపోవచ్చు, మీకు పాతది కావాలన్నా చాలా ఆటల్లో దొరకదు. మాడర్ పేజీ తీసేస్తే కొత్త కంప్యూటర్‌లో మళ్లీ దిగదు. రిమ్‌వరల్డ్ వాళ్లకి తేలికైన ఉపాయం ఉంది. స్టీమ్‌లోని వర్క్‌షాప్ ఫోల్డర్ నుంచి ఆ మాడ్ ఫోల్డర్‌ని ఆట ‘మాడ్స్’ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, సబ్‌స్క్రిప్షన్ తీసేయండి. ఇక అది మీ స్థానిక కాపీ, ఎవరి అప్‌డేటూ దాన్ని ముట్టుకోదు. 2024 ఏప్రిల్‌లో 1.5, 2025 జులైలో 1.6 వచ్చినప్పుడు ఆట మధ్యలో ఉన్నవాళ్లని ఆదుకున్నవి రెండు: ఈ ఉపాయం, స్టీమ్ బీటా ట్యాబ్‌లో పాత వెర్షన్‌ని ఎంచుకునే వీలు.

తీసేసేది మాడరే కానక్కర్లేదు. 2024 ఏప్రిల్‌లో గ్యారీస్ మాడ్ అనే ఆట వర్క్‌షాప్ నుంచి నింటెండోకి సంబంధించినవన్నీ తొలగించడం మొదలైంది. నింటెండో అడిగింది, ఆట తయారీదారులు ఒప్పుకున్నారు. ఏళ్ల తరబడి పోగైన పని అలా వెళ్లిపోయింది. 2017 జూన్‌లో జీటీఏ మాడ్లకి ఆయువుపట్టులాంటి ఓపెన్ఐవీ అనే సాధనానికి జీటీఏ యజమాని టేక్‌టూ లీగల్ నోటీసు పంపితే, ఆటగాళ్లు గట్టిగా తిరగబడ్డాకే మళ్లీ దారి తెరుచుకుంది. ఇంకొక కంపెనీ పాత్రలు, బొమ్మలు, పాటలు వాడిన మాడ్ మీకు నచ్చితే ఆ రోజే కాపీ చేసుకోండి. అలాంటివాటికి హెచ్చరిక ముందుగా రాదు.

బెథెస్డా క్రియేషన్స్: కన్సోల్ వాళ్లకి వేరే దారి లేదు

ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్‌లో స్కైరిమ్ ఆడేవాళ్లకి ఎంపిక అనేదే లేదు. ఆటలోని క్రియేషన్స్ మెనూ ఒక్కటే ఉంది. 2023 డిసెంబరు నుంచి డబ్బుకి అమ్మేవీ ఉచితవీ ఒకే మెనూలో కలిశాయి. ఎక్స్‌బాక్స్‌లో మొత్తం 5 జీబీ, ప్లేస్టేషన్ 4లో 1 జీబీ పరిమితి. ప్లేస్టేషన్‌లో ఆటలో లేని కొత్త బొమ్మలు, శబ్దాలు తెచ్చే మాడ్లకి అనుమతే లేదు. ఫైల్‌ని బయటికి తీసి దాచుకునే వీలు కూడా కన్సోల్‌లో లేదు. అందుకే వాళ్లకి నా సలహా చిన్నది: ఒక ఆట పూర్తయ్యేదాకా జాబితా ముట్టుకోకండి, ఒకసారి ఎక్కించిన మాడ్‌ని చోటు కోసం తీసేసి మళ్లీ దించుకుందాం అనుకోకండి. కంప్యూటర్ ఉన్నవాళ్లు మాత్రం ఉచిత మాడ్ల కోసం ముందు నెక్సస్ చూడటమే మంచిది.

వీడియోల కింద లింకులు, రీఅప్‌లోడ్ సైట్లు

మన దగ్గర చాలామంది మొదటి మాడ్ ఇలాగే తెచ్చుకుని ఉంటారు. బస్ సిమ్యులేటర్ ఇండోనేషియాలో మన ఆర్టీసీ బస్సుల రంగులు, జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో మన రోడ్ల మీద తిరిగే కార్లు, యూట్యూబ్ వీడియో కింద మీడియాఫైర్ లింకో గూగుల్ డ్రైవ్ లింకో. పల్లెవెలుగు రంగులు వేసి, పక్కన ఊరి పేరు తెలుగులో రాసి పెట్టిన కుర్రాళ్ల ఓపిక చూస్తే ముచ్చటేస్తుంది. కానీ అన్నిటికన్నా తొందరగా చచ్చిపోయేవీ ఈ లింకులే. రెండేళ్లు ముట్టుకోని ఖాతాలను, వాటిలోని డ్రైవ్ ఫైళ్లతో సహా, తీసేసే పద్ధతిని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. ఇంటర్ చదివేటప్పుడు మాడ్ చేసిన కుర్రాడు ఇంజినీరింగ్‌లో చేరి ఆ ఖాతా వదిలేస్తే, దానితోపాటు ఆ బస్సూ పోవచ్చు. అలాంటి మాడ్ నచ్చితే దించుకోండి, వీలైతే చేసినవారికి రాసి ఇంకో చోట కూడా పెట్టమనండి.

వేరేవాళ్ల మాడ్లను ఎత్తుకొచ్చి, ప్రకటనల మీద ప్రకటనలు పెట్టి ఇచ్చే సైట్లు మాత్రం పూర్తిగా వేరు. అక్కడి నుంచి ఏదీ తీసుకోవద్దు. 2023 జూన్‌లో ఫ్రాక్చరైజర్ అనే మాల్వేర్ మైన్‌క్రాఫ్ట్ మాడ్లలో దూరి కర్స్‌ఫోర్జ్, బుకిట్ లాంటి పేరున్న చోట్లకే చేరింది. తనిఖీ ఉన్న చోటే అలా జరిగితే, ఏ తనిఖీ లేని చోట ఏముంటుందో చెప్పనక్కర్లేదు. పైగా మాడర్లు తమ పనిని వెనక్కి తీసుకోవడానికి ఈ రీఅప్‌లోడ్ సైట్లే పెద్ద కారణం. అక్కడ దించుకునే ప్రతి ఒక్కరూ ఇంకో మాడర్ వెళ్లిపోవడానికి ఒక కారణం అందిస్తున్నట్టే.

ఆటను కూడా దాచుకోవాలి

మాడ్లు ఉండి, అవి పనిచేసే ఆట వెర్షన్ లేకపోతే ఏం లాభం? 2021 నవంబరు 11న యానివర్సరీ ఎడిషన్ అప్‌డేట్ స్కైరిమ్‌ని 1.5.97 నుంచి 1.6కి మార్చింది. ఎస్‌కేఎస్‌ఈ (స్కైరిమ్ స్క్రిప్టుల శక్తిని పెంచే సాధనం) మీద ఆధారపడిన డీఎల్ఎల్ మాడ్లన్నీ (ఆట ప్రోగ్రాంలోకే చేరేవి) మళ్లీ తయారుచేయాల్సి వచ్చింది. మాడ్లు వదిలి వెళ్లిపోయినవాళ్లు వాటిని మళ్లీ తయారుచేయరు కదా. 2024 ఏప్రిల్ 25న ఫాల్అవుట్ 4కీ అదే జరిగింది. ఏళ్లుగా తయారవుతున్న ఫాల్అవుట్ లండన్ అనే భారీ మాడ్ ఆ అప్‌డేట్ వల్లే ఆగి, జులై 25న గానీ రాలేదు.

స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్‌కి వెళ్లి, ఆట తెరిచినప్పుడే అప్‌డేట్ చేయాలన్న ఎంపిక పెట్టండి. తర్వాత ఆటను ఎప్పుడూ ఎస్‌కేఎస్‌ఈ ద్వారానే, మాడ్ ఆర్గనైజర్ నుంచే తెరవండి. ఆట ఫోల్డర్‌ని మొత్తంగా కాపీ చేసి డిస్క్‌లో పెట్టండి. ఇంకా కొననివాళ్లయితే 2022 నుంచి స్కైరిమ్ గాగ్ అనే మరో ఆటల దుకాణంలో కూడా ఉంది, అక్కడ ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌ని దించుకుని దాచుకోవచ్చు, అప్‌డేట్ బలవంతం లేదు. అయితే కొన్ని డీఎల్ఎల్ మాడ్లు స్టీమ్ వెర్షన్ కోసమే ఉంటాయి, మీ జాబితా చూసుకుని ఎంచుకోండి.

ఇప్పటికే పోయిన మాడ్ ఒకటి కావాలంటే

ముందు పేజీలో ఏం రాశారో చదవండి. నెక్సస్‌లో దాచిన మాడ్‌కి కారణం రాసి ఉంటుంది. తప్పు సరిచేసి మళ్లీ పెడతామని ఉంటే ఓపిక పట్టడమే. తీసేసి ఉంటే మాడర్ సొంత సైట్, గిట్‌హబ్, పేట్రియాన్ పేజీ, బెథెస్డా క్రియేషన్స్ చూడండి. నెక్సస్ నుంచి పోయినవి ఎన్నో వేరే చోట బతికే ఉన్నాయి. ఆ మాడ్ ఉన్న కలెక్షన్ ఏదైనా ఉంటే దాని ద్వారా కూడా రావచ్చు. మాడర్‌కి మర్యాదగా రాస్తే కొందరు ఇస్తారు, కొందరు కుదరదంటారు. కుదరదంటే ఆ మాట అక్కడితో వదిలేయాలి.

ఆడుతున్న సేవ్ ఉంటే దానిలోంచి స్క్రిప్టులున్న మాడ్‌ని మధ్యలో తీసి ఆట కొనసాగించకండి. స్కైరిమ్ సేవ్‌లో స్క్రిప్టుల గుర్తులు ఉండిపోతాయి. ఆట ముందు బాగానే ఉన్నట్టు కనిపించి, పది గంటల తర్వాత క్వెస్టు ఎక్కడో ఇరుక్కుంటుంది. పాత డిస్క్‌లో పాత ఇన్‌స్టాలేషన్ మిగిలి ఉంటే దాన్ని అలాగే వాడి ఆ ఆట పూర్తిచేయండి, ప్రత్యామ్నాయ మాడ్‌తో కొత్త ఆట తర్వాత మొదలుపెట్టండి. టెక్స్చర్లు మాత్రమే మార్చే మాడ్‌కైతే ఈ భయం లేదు, ఎప్పుడు తీసినా ఆట పాత రూపం చూపిస్తుంది, అంతే.

మీరే మాడ్లు చేస్తుంటే

ఎక్కడ పెట్టాలన్నది ఎంత అధికారం ఉంచుకోవాలనుకుంటున్నారు అన్నదాన్ని బట్టే. నెక్సస్‌లో చూసేవాళ్లు ఎక్కువ, డౌన్‌లోడ్లను బట్టి డొనేషన్ పాయింట్లు వస్తాయి, కానీ పెట్టిన ఫైల్ ఇక పూర్తిగా వెనక్కి రాదని తెలిసే పెట్టాలి. సొంత సైట్‌లో పూర్తి హక్కు మీదే, హోస్టింగ్ డబ్బు కట్టడం మానేసిన రోజు అంతా పోతుంది. మైన్‌క్రాఫ్ట్‌లో కర్స్‌ఫోర్జ్‌కి వెళ్తే బయటి యాప్‌లు మీ ఫైల్‌ని పంచకుండా ఆపే అవకాశం ఉంది. అలా ఆపితే ప్రిజమ్ లాంటి లాంచర్లు (ఆటను, మాడ్లను నడిపే యాప్‌లు) వాడేవాళ్లు మీ మాడ్‌ని చేత్తో దించుకోవాల్సి వస్తుంది. ఏ ఇబ్బందీ లేకుండా నలుగురికీ చేరాలనుకుంటే మాడ్రింత్ అనే మరో మాడ్ల సైట్ వైపు చూడండి.

సైట్ కన్నా ముఖ్యం లైసెన్స్. స్టార్‌డ్యూ వ్యాలీ ఆట మాడ్లలో చాలావాటికి పునాది అయిన స్మాపీ ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ లైసెన్స్ కింద ఉంది. దాన్ని చేస్తున్నవారు రేపు మానేసినా ఇంకొకరు చట్టబద్ధంగా అందుకుని నడపవచ్చు. 2022 అక్టోబరులో పాలీఎంసీ అనే మైన్‌క్రాఫ్ట్ లాంచర్‌లో ఒక్కరు మిగతా అందరినీ బయటికి తోసేస్తే, కోడ్ తెరిచి ఉండబట్టే వాళ్లు వెంటనే ప్రిజమ్ లాంచర్‌గా కొనసాగించగలిగారు. అయితే ఓపెన్ లైసెన్స్ కింద ఒకసారి ఇచ్చిన వెర్షన్‌ని తర్వాత వెనక్కి తీసుకోలేరు. అందుకు మనసొప్పకపోతే మొదటే అనుమతుల్లో స్పష్టంగా రాయండి. ప్యాచ్‌లు చేసుకోవచ్చా, అనువాదం చేసుకోవచ్చా, కన్సోల్‌కి మార్చవచ్చా, ఒక్కోదానికీ విడిగా.

వెళ్లిపోవాలనుకుంటే వెళ్లండి, ఆ హక్కు మీది. కానీ మీ మాడ్‌ని మాస్టర్‌గా పెట్టుకున్న వేరే మాడర్లకి ముందుగా ఒక మాట చెప్పండి, చివరి స్థిరమైన వెర్షన్‌ని కొన్ని వారాలు ఉంచి తర్వాత తీయండి. కొందరు అనుమతుల పెట్టెలో ఇంకో వాక్యం కూడా రాస్తున్నారు: ‘ఏడాది పాటు నా నుంచి జవాబు లేకపోతే, నా పేరు ఉంచి ఎవరైనా దీన్ని కొనసాగించవచ్చు.’ మాడ్ పేజీ మొదటిసారి పెట్టే రోజే ఆ వాక్యం మీకు సరిపోతుందో లేదో ఆలోచించుకోండి. తర్వాత ఆ పేజీలోకి లాగిన్ అయ్యే తీరిక మీకు ఉండకపోవచ్చు.